సంస్థ – బాహ్య పరిస్థితులు : సమష్టి పరిశీలన

ఉద్దేశం

ఒక సంస్థ వృద్ధిక్షయాలు దాని నాలుగు గోడల మధ్యనే నిర్ణయం కావు. ప్రభుత్వ విధానం, ధరల హెచ్చుతగ్గులు, జనుల అభిరుచి, కొత్త యంత్రం, కొత్త చట్టం, వానలు, వ్యాధులు మొదలైనవన్నీ ఆ సంస్థ అనుమతి లేకుండానే దాని భవిష్యత్తును మారుస్తాయి. ఇటువంటి బాహ్య పరిస్థితులను ఒక్కరుగా కాక నలుగురు కలిసి పరిశీలించి, తగిన మార్గాన్ని ఎంచుకొనే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

1. ప్రవేశిక

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు చిలకలగూడ కూతవేటు దూరంలో ఉంది. 'కూతవేటు' అనే మాట ఈ వాడ విషయంలో అక్షరాలా సత్యం. రైలు కూత వినకుండా ఇక్కడ ఎవరూ పెరగలేదు. మా చిన్ననాట గోడ గడియారం ఆగిపోతే పెద్దవారు రైళ్ల రాకపోకలను బట్టి వేళ చెప్పేవారు. రైల్వే ఉద్యోగుల కుటుంబాలు, వారిని నమ్ముకొని బ్రతికే చిన్న దుకాణాలు, చదువుకొనే పిల్లలు, ఉద్యోగం కోసం వెదికే యువకులు – ఇదీ ఈ వాడ స్వరూపం.

ఆలుగడ్డబావి నుండి చిలకలగూడ చౌరస్తా వరకు నడిచి చూస్తే నూటయాభై ఏళ్ల రవాణా చరిత్ర గుర్తుకు వస్తుంది. మొదట రైలు వచ్చింది. తరువాత బస్సు వచ్చింది. ఆపైన ఆటో, 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైలు, 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చాయి. వచ్చిన ప్రతి వాహనమూ అంతకు ముందున్న వాహనానికి ఒక బాహ్య పరిస్థితి అయింది. కొందరు ఆ మార్పును ముందుగా గుర్తించి నిలబడ్డారు. కొందరు గుర్తించేలోగా కాలం మించిపోయింది. ఈ రెండు రకాల వారి కథలూ ఈ పాఠంలో ఉన్నాయి.

2. పూర్వుల దృష్టి

'వ్యూహం' అనగానే మనకు భారతంలోని పద్మవ్యూహం స్ఫురిస్తుంది. అభిమన్యుడు వ్యూహాన్ని ఛేదించి లోపలికి ప్రవేశించగలడు. వెలుపలికి వచ్చే ఉపాయం అతనికి తెలియదు. ఆ సంగతి ధర్మరాజాదులకు తెలుసు. అతడు దారి చేస్తే వెనువెంటనే తామందరూ ప్రవేశించవచ్చునని వారి ఆలోచన. తమ బలాన్నీ, బలహీనతనూ వారు సరిగానే అంచనా వేసుకొన్నారు. అయితే అర్జునుడు లేని వేళ పాండవులను ఒక్కరోజు నిలువరించగల వరం సైంధవునికి శివుడు ప్రసాదించి ఉన్నాడు. ఆ వరాన్ని వారి ఆలోచన లెక్కలోనికి తీసుకోలేదు. ఫలితంగా వ్యూహం ద్వారం మూసుకొనిపోయింది. బాలుడు ఒంటరివాడై నేలకొరిగాడు. ఇక్కడ లోపించింది పరాక్రమం కాదు. ఎదుటి పక్షంలోని ఒక్క వాస్తవాన్ని గమనించకపోవడమే అనర్థానికి కారణమయింది.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ విషయాన్ని శాస్త్రంగా చెప్పింది. రాజు తన రాజ్యాన్ని మాత్రమే కాక చుట్టూ ఉన్న రాజ్యాలను మండలంగా భావించి, ఎవరు శత్రువు, ఎవరు మిత్రుడు, ఎవరు తటస్థుడు అని నిరంతరం పరిశీలించాలని ఆ గ్రంథం బోధిస్తుంది. ఆ పరిశీలన ఎందరితో కలిసి చేయాలో కూడా కౌటిల్యుడు వివరించాడు. ఒకే మంత్రితో ఆలోచిస్తే కఠినమైన విషయాలలో నిశ్చయం కుదరదు; ఆ మంత్రికి అడ్డూ అదుపూ ఉండదు. ఇద్దరితో ఆలోచిస్తే వారు ఏకమైనా ముప్పే, కలహించినా ముప్పే. ముగ్గురు లేదా నలుగురితో ఆలోచించడం శ్రేయస్కరమని అతని అభిప్రాయం. నేటి సంస్థలు 'టీము' అని పిలిచే దాని పరిమాణాన్ని గూర్చి ఇంత స్పష్టమైన ఆలోచన మన ప్రాచీనులకు ఉండేదన్నమాట.

తెలుగు సాహిత్యంలో శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం ప్రసిద్ధం. తన రేవులను అభివృద్ధి చేసి, విదేశ వర్తకులను ఆదరించి, ఏనుగులు, గుర్రాలు, మణులు, చందనం వంటివి తన రాజ్యానికే వచ్చేటట్లు చూసుకోవాలని, మేలిజాతి గుర్రాలు శత్రువుల చేతికి చిక్కకుండా జాగ్రత్త పడాలని రాయలు అందులో సూచించాడు. 1510లో గోవా పోర్చుగీసువారి వశమైంది. సముద్రం మీదుగా వచ్చే గుర్రాల వర్తకంలో వారి మాట చెల్లుబాటు కాసాగింది. అశ్వబలం మీద ఆధారపడిన రాజ్యానికి ఆ వర్తకం ప్రాణప్రదం. యుద్ధానికి కావలసిన సరుకు ఎక్కడినుండి వస్తుంది, ఆ దారి ఎవరి చేతిలో ఉంది అని ఆలోచించడమే బాహ్య పరిస్థితుల పరిశీలన.

3. బస్సులు నడిపిన రైల్వే

ఇక మన వాడ పొలిమేరలోనే జరిగిన ఒక చారిత్రక సన్నివేశాన్ని పరిశీలిద్దాం.

1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు మార్గం ప్రారంభమైంది. 1889 నాటికి ఆ మార్గం బెజవాడను చేరింది. బ్రిటిషు కంపెనీ నిర్వహణలో ఉన్న ఈ రైల్వేను 1930లో హైదరాబాదు ప్రభుత్వం తన స్వాధీనం చేసుకొన్నది. అప్పటినుండి దానికి నిజాం స్టేట్ రైల్వే అనే పేరు ప్రచారంలోనికి వచ్చింది.

రైల్వే ప్రభుత్వానికి దక్కిన సమయం అనుకూలమైనది కాదు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం ప్రపంచమంతటా వ్యాపించింది. పంటల ధరలు పడిపోయాయి. సరుకుల రవాణా తగ్గింది. అదే సమయంలో మోటారు బస్సు రంగప్రవేశం చేసింది. రైలు ఎక్కదలచిన ప్రయాణికుడు స్టేషనుకు పోవాలి. బస్సు ప్రయాణికుని ఊరి నడిబొడ్డుకే వస్తుంది. రైలు పట్టాలు వేసిన చోటనే నడుస్తుంది. బస్సు రోడ్డు ఉన్న ప్రతి ఊరికీ పోతుంది. ఈ పోటీ హైదరాబాదు సంస్థానానికి మాత్రమే పరిమితం కాలేదు. బ్రిటిషు ఇండియాలో రోడ్డు రవాణాకూ, రైలు రవాణాకూ నడుమ ఏర్పడిన పోటీని పరిశీలించి మిచెల్, కిర్క్‌నెస్ అనే అధికారులు 1933లో ఒక నివేదిక సమర్పించారు. 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది.

పోటీని ఎదుర్కొనే సంస్థకు సాధారణంగా మూడు మార్గాలు తోస్తాయి. మొదటిది, చూసీ చూడనట్లు ఊరుకోవడం. రెండవది, అధికారం ఉపయోగించి పోటీదారుని అణచివేయడం. మూడవది, ఆ మార్పును తానే స్వీకరించడం. నిజాం స్టేట్ రైల్వే మూడవ మార్గాన్ని అనుసరించింది. 1932 జూన్ నెలలో రైల్వే ఆధ్వర్యంలోనే రోడ్డు రవాణా శాఖ ఏర్పడింది. అప్పుడు ఆ శాఖ వద్ద ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలు నడిపే సంస్థ బస్సులు కూడా నడపడం ప్రారంభించింది. 1940వ దశకంలో విమానయానం వచ్చినప్పుడు కూడా ఇదే దృష్టి కనబడుతుంది. డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థలో ఈ రైల్వేకు భాగస్వామ్యం ఉండేది. 1953లో ఆ విమాన సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది.

ఇరవై ఏడు బస్సులతో పుట్టిన ఆ శాఖ 1951లో రైల్వే నుండి విడివడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం క్రిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా అవతరించింది. రైల్వే కూడా వేరొక దారిలో పెరిగింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

1960లో థియొడర్ లెవిట్ అనే అమెరికా ఆచార్యుడు హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో ఒక వ్యాసం వ్రాశాడు. అమెరికా రైల్వేలు తమ వృత్తి రైళ్లు నడపడమే అనుకొన్నాయి గాని, మనుషులనూ, సరుకులనూ చేరవేయడం అనుకోలేదనీ, అందువల్లనే వెనుకబడిపోయాయనీ అతని వాదం. ఆ వ్యాసం లోకప్రసిద్ధమైంది. అంతకు 28 సంవత్సరాల ముందే సికింద్రాబాదు రైల్వే ఆ పొరపాటు చేయకుండా బస్సులు కొన్నది. ఈ సంగతి తెలిసినవారు మన విద్యార్థులలో ఎందరు?

4. ఆరు దిక్కులు

బాహ్య పరిస్థితులు అసంఖ్యాకాలు. వాటిని ఒక క్రమంలో చూడడానికి నిర్వహణ శాస్త్రజ్ఞులు కొన్ని విభాగాలు చేశారు. 1967లో ఫ్రాన్సిస్ అగ్విలార్ అనే ఆచార్యుడు ఆర్థిక, సాంకేతిక, రాజకీయ, సామాజిక అంశాలనే నాలుగు విభాగాలను ప్రతిపాదించాడు. కాలక్రమంలో న్యాయ, పర్యావరణ అంశాలు చేరి అవి ఆరయ్యాయి. ఆంగ్లంలోని మొదటి అక్షరాలను కలిపి ఈ పద్ధతిని 'పెస్టెల్' అంటారు. మన నగర రవాణా సంస్థల నుండే ఉదాహరణలు తీసుకొని వీటిని తెలుసుకొందాం.

రాజకీయ అంశాలు : ప్రభుత్వాలు, వాటి విధానాలు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. దాని ఫలితంగా 2015లో రోడ్డు రవాణా సంస్థ రెండయింది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం ప్రారంభమైంది. బస్సులలో ఎవరు, ఎందరు ప్రయాణిస్తారు, చార్జీ ఎవరు చెల్లిస్తారు అనే లెక్కలన్నీ ఆ ఒక్క నిర్ణయంతో మారిపోయాయి.

ఆర్థిక అంశాలు : ధరలు, వడ్డీలు, ప్రజల ఆదాయం. డీజిలు ధర పెరిగితే బస్సు నడిపే సంస్థకు ఖర్చు పెరుగుతుంది. అదే సమయంలో పెట్రోలు ధర కూడా పెరిగితే సొంత వాహనం వదలి బస్సు ఎక్కేవారూ పెరగవచ్చు. ఒకే అంశం కీడునూ, మేలునూ రెంటినీ తేగలదని దీనివల్ల గ్రహించాలి.

సామాజిక అంశాలు : జనాభా, చదువు, అలవాట్లు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట నగరంలోని ఉద్యోగాలు పడమర దిక్కుకు తరలాయి. చిలకలగూడ, సీతాఫల్‌మండి ప్రాంతాల యువతీ యువకుల ప్రయాణ దిశ మారింది.

సాంకేతిక అంశాలు : కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు. చేతిలోని ఫోను ద్వారా ఆటోనో, కారునో ఇంటి ముందుకు పిలిపించుకొనే సౌకర్యం వచ్చిన తరువాత ఆటో స్టాండులో నిలబడి ప్రయాణికుని కోసం ఎదురుచూసే పద్ధతికి విలువ తగ్గింది.

న్యాయ అంశాలు : చట్టాలు, అనుమతులు, న్యాయస్థానాల తీర్పులు. వాహనానికి పర్మిట్టు, బీమా, కాలుష్య తనిఖీ పత్రం మొదలైనవి లేకుండా ఏ రవాణా సంస్థా పనిచేయజాలదు.

పర్యావరణ అంశాలు : వర్షాలు, వేడిమి, కాలుష్యం, వ్యాధులు. వ్యాధులను కొందరు సామాజిక అంశాలలో చేర్చుతారు. 2020 మార్చిలో కరోనా కారణంగా నగరంలోని మెట్రో రైళ్లు నిలిచిపోయి, సెప్టెంబరులో గాని తిరిగి కదలలేదు.

ఒక అంశం ఏ విభాగానికి చెందుతుందని తర్కించుకోవడం మన ప్రధాన కార్యం కాదు. ఏ దిక్కునూ విస్మరించకుండా చూడడానికే ఈ విభజన. ఆరు వైపులా తలుపులున్న ఇంట్లో ఐదింటికి గడియ వేసి ఆరవదానిని మరచిపోతే ఐదు గడియలూ వ్యర్థమే కదా!

5. ఒక టైపు బడి కథ

పెద్ద సంస్థల విషయం అలా ఉంచి, నేను స్వయంగా చూసిన ఒక చిన్న సంస్థ కథ చెబుతాను.

1980ల చివర ఇంటర్మీడియట్ పూర్తి చేసిన విద్యార్థులు టైపు నేర్చుకోవడం ఆనవాయితీ. మా వాడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. చిన్న హాలులో మూడు వరుసల యంత్రాలు. ఉదయం ఆరు గంటలకే మొదటి బ్యాచి. గంటకొక బ్యాచి చొప్పున రాత్రి వరకు యంత్రాల మోత ఆగేది కాదు. నడుపుతున్న మాస్టారు క్రమశిక్షణకు పెట్టింది పేరు. యంత్రాలను తానే తుడిచి నూనె వేసేవారు. రిబ్బను వెలిసిపోకముందే మార్చేవారు. లోయరు పరీక్షలోగాని, హయ్యరు పరీక్షలోగాని ఆయన శిష్యులు తప్పడం అరుదు. నేను కూడా అక్కడే నేర్చుకొన్నాను. ఈనాటికీ నా వ్రేళ్లు ఆ అభ్యాసాన్ని మరువలేదు.

పదేళ్లు తిరిగేసరికి బ్యాచీలు సగానికి తగ్గాయి. మాస్టారు తన లోపమే అనుకొన్నారు. ఇంకా శ్రద్ధగా నేర్పారు. ఫీజు తగ్గించారు. గోడలకు కొత్త సున్నం వేయించారు. అప్పు చేసి మరి నాలుగు యంత్రాలు కొన్నారు. ఆ అప్పు తీరకముందే బడి మూతపడింది. యంత్రాలు పాత ఇనుము ధరకు తూకానికి పోయాయి. ఆయన కుమార్తె చదువు ఒక సంవత్సరం ఆగిపోయింది. వాడలో ఎందరికో అన్నం పెట్టిన విద్య నేర్పిన మనిషి మరొకరి దుకాణంలో పద్దులు వ్రాసే పనికి కుదిరారు.

చాలాకాలం తరువాత నేను ఆయనను కలిసినప్పుడు ఒక సంగతి చెప్పారు. ఆ బడిలో ఆయనతోపాటు మరి ముగ్గురు పనిచేసేవారు. షార్ట్‌హ్యాండ్ నేర్పే ఆమె భర్త ఒక కార్యాలయంలో ఉద్యోగి. అక్కడ కంప్యూటర్లు వచ్చాయనీ, టైపిస్టుల ఖాళీలు భర్తీ చేయడం లేదనీ ఆమెకు తెలుసు. సాయంకాలం బ్యాచీలు చూసే యువకుడు పగలు ఒక డి.టి.పి. కేంద్రానికి పోయేవాడు, తెలుగు పుస్తకాలు, శుభలేఖలు అక్కడ ఎలా తయారవుతున్నాయో అతడు చూస్తున్నాడు. ఫీజులు వసూలు చేసే ముసలాయనకు మానేసిన పిల్లలు ఎక్కడికి పోతున్నారో తెలుసు. వారు రసీదు పుస్తకం దగ్గర నిలబడి చెప్పి వెళ్లేవారు. రైల్వే రిజర్వేషన్లకు 1986లో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ పద్ధతి తరువాతి సంవత్సరాలలో సికింద్రాబాదుకూ వచ్చిన సంగతి వాడలో అందరికీ తెలిసినదే.

“అందరికీ తలా కొంచెం తెలుసు. నలుగురం ఒకచోట కూర్చొని ఒక్కనాడు కూడా మాట్లాడుకోలేదు. నేను అడగలేదు. అడగనిదే సారుకు చెప్పడం ఎట్లా అని వాళ్లు ఊరుకొన్నారు” అన్నారాయన.

కాబట్టి ఆ సంస్థలో సమాచారానికి కొరత లేదు. కొరతపడినది సమావేశం. ఆ నాలుగు ముక్కలనూ ఒకచోట చేర్చి ఉంటే, అప్పుచేసి కొన్న నాలుగు టైపు యంత్రాల బదులు ఒక్క కంప్యూటరు కొనవలెననే ఆలోచన కలిగి ఉండేది. వ్రేళ్ల అభ్యాసం కంప్యూటరుకూ కావలసినదే. కనుక ఆయన విద్యకు కాలం చెల్లలేదు. ఆ విద్యను నేర్పే సాధనానికి మాత్రమే కాలం చెల్లింది. వీధిలోని మరొక టైపు బడి రెండు కంప్యూటర్లు తెచ్చుకొని మరి కొన్నేళ్లు నిలిచింది.

6. కలిసి పరిశీలించే విధానం

పై కథలను బట్టి బాహ్య పరిస్థితుల పరిశీలన బృందంగా చేయవలసిన పని అని స్పష్టమవుతుంది. ఎవరి స్థానం నుండి వారికి ఒక దృశ్యం కనబడుతుంది. దానిని ఆచరణలో పెట్టే సోపానాలు ఇవి.

మొదటిది, ప్రశ్నను నిర్ణయించుకోవడం. 'మన సంస్థ భవిష్యత్తు ఏమిటి?' అనే ప్రశ్నకు హద్దులేదు. 'రాబోయే మూడేళ్లలో కొత్త యంత్రాలు కొనవచ్చునా?' అనే ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

రెండవది, బృందాన్ని కూర్చుకోవడం. నలుగురి నుండి ఆరుగురి వరకు చాలు. అందరూ ఒకే పని చేసేవారు కారాదు. ప్రజలతో నేరుగా మాట్లాడే ఉద్యోగి ఒక్కరైనా తప్పనిసరిగా ఉండాలి. రసీదులు వ్రాసే ముసలాయనకు తెలిసినది యజమానికి తెలియకపోవచ్చు.

మూడవది, చర్చకు ముందు వ్రాత. ఆరు విభాగాలకూ ఒక్కొక్క కాగితం కేటాయించి, ఎవరికి తోచిన అంశాలు వారు మౌనంగా వ్రాయాలి. మొదటే మాట్లాడుకొంటే పెద్దవారి మాటకు తక్కినవారు తల ఊపుతారు. పెద్దలపట్ల గౌరవం మన సంస్కారం. అయితే ఆ గౌరవం సత్యానికి అడ్డు రాకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. చర్చలో కూడా వయసులో చిన్నవారు ముందుగా, అధ్యక్షులు చివర మాట్లాడడం మంచిది.

నాల్గవది, సాక్ష్యాన్ని అడగడం. 'అందరూ అనుకొంటున్నారు' అనేది సాక్ష్యం కాదు. చూసినదా, చదివినదా, విన్నదా, ఊహించినదా అని ప్రతి అంశం ప్రక్కన గుర్తు పెట్టాలి. ఊహను కొట్టివేయనక్కరలేదు; ఊహ అని తెలిస్తే చాలు.

ఐదవది, తూచి చూడడం. జరిగే అవకాశానికి ఒకటి నుండి ఐదు, జరిగితే కలిగే ప్రభావానికి ఒకటి నుండి ఐదు మార్కులు వేసి రెంటినీ గుణించాలి. మన టైపు బడి ఉదాహరణలో కార్యాలయాలకు కంప్యూటర్లు రావడానికి 5, దాని ప్రభావానికి 5 వేస్తే 25 వస్తుంది. అద్దె పెరగడానికి 4, ప్రభావానికి 2 వేస్తే 8 మాత్రమే. మాస్టారు రాత్రింబవళ్లు ఆలోచించినది ఆ ఎనిమిదిని గూర్చి. ఒకే అంశానికి ఒకరు ఐదు, మరొకరు ఒకటి వేసినట్లయితే సగటు తీసి సంతోషించరాదు. ఎందుకంత భేదమని ఇద్దరినీ అడగాలి. అసలైన సమాచారం తరచుగా ఆ భేదంలోనే దాగి ఉంటుంది.

ఆరవది, కర్తవ్యాన్ని నిశ్చయించడం. ముఖ్యమైన మూడు నాలుగు అంశాలకు ఏమి చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అని వ్రాసుకోవాలి. కొన్నింటిని ఎదుర్కోవాలి, కొన్నింటికి అనుగుణంగా మారాలి, కొన్నింటిని వేచి చూడాలి. వేచి చూడడం కూడా నిర్ణయమే. అయితే ఏ సంకేతం కనబడితే కదలాలో ముందే అనుకోవాలి.

ఏడవది, తిరిగి కలవడం. పరిస్థితులు నిలకడగా ఉండవు గనుక మూడు నెలలకో, ఆరు నెలలకో ఆ కాగితాలను మరల పరిశీలించడం అత్యవసరం.

7. జాగ్రత్తలు

ఈ పద్ధతిలో దొర్లే దోషాలను కూడా తెలుసుకోవాలి. లోపలి లోపాలను బయటి పరిస్థితులుగా భ్రమించడం ఒక దోషం. ఉద్యోగి ఆలస్యంగా రావడం మన చేతిలోని విషయం. బస్సు మార్గం మారడం మన చేతిలో లేనిది. రెండవ దోషం కీడును మాత్రమే చూడడం. మెట్రో రావడం ఆటోవానికి పోటీయే. కాని మెట్టుగూడ స్టేషనులో దిగినవారిని ఇంటికి చేర్చే అవకాశం కూడా అదే కల్పిస్తుంది. మూడవది, పట్టిక తయారు కాగానే పని పూర్తయిందనుకోవడం. వ్యాధి పేరు వ్రాసినంత మాత్రాన మందు వేసుకొన్నట్లు కాదు. నాల్గవది, పూర్వానుభవం మీద మితిమీరిన విశ్వాసం. నిన్నటి విజయానికి కారణమైన పనినే నేడు రెట్టింపుగా చేయడం విజయాన్ని ఇవ్వకపోవచ్చు. మాస్టారు చేసినది అదే.

ఎంత జాగ్రత్తగా పరిశీలించినా భవిష్యత్తు మన లెక్కకు పూర్తిగా లొంగదు. 2020 నాటి మహమ్మారి వేళను, తీవ్రతను ముందుగా ఏ పట్టికా చెప్పలేదు. అయినప్పటికీ ఒకచోట కూర్చొని మాట్లాడుకొనే అలవాటున్న సంస్థ ఊహించని ఆపదలో కూడా త్వరగా నిర్ణయం తీసుకోగలుగుతుంది. ఆ అలవాటే ఈ పద్ధతి వల్ల కలిగే మహోపకారం.

8. ఉపసంహారం

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఉద్యోగులవుతారు. కొందరు దుకాణమో, పరిశ్రమో, పాఠశాలో నడుపుతారు. కొందరు యజమానులుగా, ఎక్కువమంది పనివారుగా ఉంటారు. యజమాని అయినవారు అడగడం నేర్చుకోవాలి. పనివారు అయినవారు అడగకున్నా వినయంగా చెప్పడం నేర్చుకోవాలి. ఒక రైల్వే 27 బస్సులు కొని బ్రతుకుదారిని వెడల్పు చేసుకొన్నది. ఒక టైపు బడి నాలుగు యంత్రాలు కొని అప్పుల పాలయింది. రెండింటిలోనూ కష్టపడేవారు ఉన్నారు, నిజాయితీ ఉన్నది. లాభనష్టాలను నిర్ణయించినది వీధివైపు చూసిన చూపు. దూరదృష్టి పుట్టుకతో రానక్కరలేదు. నలుగురి దృష్టిని ఒకచోట చేర్చితే అది అలవడుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

వృద్ధిక్షయాలు : పెరగడం, తరగడం
తటస్థుడు : ఏ పక్షమూ వహించనివాడు
ఛేదించు : బ్రద్దలు చేయు
అనర్థం : కీడు
శ్రేయస్కరం : మేలు కలిగించేది
మాంద్యం : మందగించడం, వ్యాపారం క్షీణించడం
విలీనం : కలిసిపోవడం
ఆనవాయితీ : వాడుకగా వస్తున్న పద్ధతి
సోపానం : మెట్టు
ఉపసంహారం : ముగింపు

వ్యాకరణాంశాలు

సంధులు
పూర్వానుభవం = పూర్వ + అనుభవం : సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం : గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం : యణాదేశ సంధి

సమాసాలు
లాభనష్టాలు : లాభమును, నష్టమును – ద్వంద్వ సమాసం
రాజనీతి : రాజు యొక్క నీతి – షష్ఠీ తత్పురుష సమాసం
దూరదృష్టి : దూరమైన దృష్టి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. నిజాం స్టేట్ రైల్వే బస్సులు నడపడానికి దారితీసిన బాహ్య పరిస్థితులను వివరించండి.
2. టైపు బడి మూతపడడానికి కారణాలను విశ్లేషించి, ఆ సంస్థ అనుసరించదగిన మార్గాన్ని సూచించండి.
3. బృందంగా బాహ్య పరిస్థితులను పరిశీలించే విధానంలోని సోపానాలను తెలపండి.

II. క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఎందరితో కలిసి ఆలోచించాలని కౌటిల్యుడు చెప్పాడు? ఎందుకు?
2. పద్మవ్యూహ ఘట్టం నుండి సంస్థలు నేర్చుకోదగిన నీతి ఏది?
3. ఒకే అంశం కీడునూ, మేలునూ రెంటినీ ఎలా కలిగిస్తుంది? ఒక ఉదాహరణ ఇవ్వండి.
4. మార్కులు వేయడంలో భేదం వచ్చినప్పుడు సగటు తీయరాదని ఎందుకు చెప్పారు?

III. ఒక వాక్యంలో సమాధానం వ్రాయండి.
1. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. దక్షిణ మధ్య రైల్వే కేంద్రం ఏ నగరంలో ఏర్పడింది?
3. రాయల రాజనీతి ఏ ప్రబంధంలో కనబడుతుంది?

IV. ప్రాజెక్టు పని
తరగతిలోని విద్యార్థులు ఐదుగురు చొప్పున బృందాలుగా ఏర్పడండి. మీ వాడలోని ఒక కిరాణా దుకాణం, దర్జీ కొట్టు, ఆటో స్టాండు, గ్రంథాలయం – వీటిలో ఒకదానిని ఎంచుకొని, నిర్వాహకుల అనుమతితో వారిని, అక్కడ పనిచేసేవారిని, అక్కడికి వచ్చేవారిని విడివిడిగా అడిగి ఆరు విభాగాలలో అంశాలు సేకరించండి. ముఖ్యమైన మూడు అంశాలకు తగిన సూచనలు వ్రాసి, ముందుగా ఆ నిర్వాహకులకు చదివి వినిపించి, వారి అభిప్రాయాన్ని కూడా జోడించి తరగతిలో సమర్పించండి.